వాక్యం పూర్తి చెయ్యి

నాగపూర్,
3 జూలై 2006.

అక్కకి నమస్కారాలు.

మోకాళ్ళ నొప్పి తగ్గిందని ఫోన్‌లో అన్నావు. నేను నమ్మలేదు. బ్యాంకు వదిలేశాక రోజంతా కంప్యూటర్ ముందు ఏం చేస్తున్నావురా అని నువ్వే అడిగి, నేను చెప్పేలోపు "సరే, బిల్లు పెరుగుతుంది" అని పెట్టేశావు. అందుకే ఈ ఉత్తరం.

ఇంటర్నెట్‌లో ఒక ఇంగ్లీషు డిక్షనరీ ఉంది. పండితుల్ని కూర్చోబెట్టి రాయించింది కాదు. నాబోటి పనిలేని వాళ్ళు దేశదేశాల నుంచి తలో మాటా రాస్తారు. ఒక మాటకి ఫలానా అర్థం ఉందని అంటే సరిపోదు. ఏ పుస్తకంలో, ఏ పేజీలో, ఏ సంవత్సరంలో అలా వాడారో వాక్యం ఎత్తి చూపించాలి. వాక్యం ఎంత పాతదైతే వాళ్ళకి అంత సంబరం.

నీ దగ్గర లెటీషియా నవల ఉంది కదా, నాన్న నీకు కొనిచ్చింది. విక్టోరియా రాణి కాలం నాటిది, రచయిత్రి పేరైనా లేకుండా 'ఒక లేడీ' అని మాత్రం వేశారు. ఎంత వెతికినా అది ఇంటర్నెట్‌లో దొరకలేదు. అందులో నీకు వింతగా తోచిన మాటలున్న వాక్యాలు పేజీ నెంబర్లతో రాసి పంపు. నేను ఎక్కిస్తాను. ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పావు, ఆ మాత్రం చెయ్యలేవా?

నీ తమ్ముడు,
ఫణికుమార్


శాలిబండ,
17 జూలై 2006.

ఒరేయ్ ఫణీ,

చిరంజీవ. నీ ఉత్తరం చదివి మోకాళ్ళు మర్చిపోయాను. నిన్న లాల్ దర్వాజా బోనాలు. పొద్దున్నుంచీ డప్పులు, మైకులు. తలుపులన్నీ వేసుకుని లెటీషియాని ముందేసుకు కూర్చున్నాను. పక్కింటి రాజమణి బోనం ఎత్తుకుని వెళ్తూ కిటికీలోంచి చూసి, "టీచరమ్మా, పండుగ పూట గూడ పుస్తకమేనా? ఏంది గీ లొల్లి నీకు?" అంది. లొల్లి బయట ఉంది గానీ నా దగ్గర ఎక్కడుంది?

వాక్యాలు వేరే కాగితం మీద రాశాను. అన్నిటికంటే ముందు ఎక్కించాల్సింది ఇరవై రెండో అధ్యాయంలోది. అందులో లెటీషియా తన 'కజిన్ సిస్టర్' నడిపే బడికి వెళ్తానంటుంది. చూశావా! మా డిపార్ట్‌మెంటు హెడ్డు విమలాదేవి గుర్తుందా, కాన్వెంటు చదువు? నేను కజిన్ సిస్టర్ అన్నప్పుడల్లా "కజిన్ అంటే చాలు సుచరితా, సిస్టర్ అనేది మన వాళ్ళు తగిలించిన తోక" అని స్టాఫ్ రూమ్ అందరిముందూ నవ్వేది. ఒకరోజు ఈ పుస్తకం తీసుకెళ్ళి ఆవిడ బల్ల మీద పెట్టాను. దొరసానే వాడింది, మీకేం కష్టం అన్నాను. ఆ తర్వాత నన్ను దిద్దలేదు.

మీ డిక్షనరీలో ఆ మాట దగ్గర ఇండియా వాడుక అని ఉంటే కొట్టెయ్యమను. నేను చూడాలి.

అక్క


నాగపూర్,
9 ఆగస్టు 2006.

అక్కా,

నీ వాక్యం ఎక్కించాను. రెండో రోజుకే అక్కడ గోల మొదలైంది. 'కజిన్ సిస్టర్' అంత పాత ఇంగ్లీషు నవలలో, అదీ ఇండియా మొహం చూడని పాత్ర నోట వినలేదని ఒకళ్ళు. వాక్యం అద్భుతంగా ఉందని ఇంకొకళ్ళు. లీడ్స్ ఊళ్ళో ఒక పెద్దమనిషి ఉన్నాడు, ఊరికే ఏదీ నమ్మడు. వాళ్ళ లైబ్రరీలో ఆ నవల ఉందట. ఇరవై రెండో అధ్యాయం అంతా చదివాననీ అందులో ఆ వాక్యం లేదనీ రాశాడు.

నువ్వు అధ్యాయం నెంబరు పొరపాటు పడ్డావేమో ఒకసారి చూడు. నీ పుస్తకం అచ్చయిన సంవత్సరం కూడా మళ్ళీ చూసి రాయి. ఇప్పటికి వాక్యం పక్కన 'ధ్రువీకరించాలి' అని ఎర్ర గుర్తు పెట్టారు. నాకు కాస్త నామోషీగా ఉంది.

ఫణి


శాలిబండ,
20 ఆగస్టు 2006.

ఒరేయ్ ఫణీ,

ఎర్ర గుర్తా? నాకా? జీవితమంతా పిల్లల కాగితాల మీద నేను పెట్టాను ఎర్ర గుర్తులు.

అధ్యాయం ఇరవై రెండే. సంవత్సరం మొదటి పేజీలో ఉంది, నీకు రాశాను కూడా. పుస్తకం నా ఒళ్ళో ఉంది, వాక్యం నా కళ్ళ ముందుంది. లీడ్స్ ఆయనకి కళ్ళజోడు మార్పించుకోమని చెప్పు.

ఆ అధ్యాయంలో ఒక్క అక్షరం నేను పొరబడను ఫణీ. నీకప్పుడు చిన్నతనం, తెలీదు. నాకు ఇక్కడ సీటు రాక వాల్తేరులో ఆనర్స్‌కి వచ్చింది. అమ్మ పోయిన ఇంట్లో బామ్మదే మాట. ఆడపిల్ల అంత దూరం హాస్టల్లోనా, కుదరదంది. నాన్న సంగతి తెలిసిందేగా, గవర్నమెంటు ప్రెస్సులో ప్రూఫ్ రీడరు, పొద్దంతా ఇతరుల తప్పులు దిద్దడం, ఇంటికొస్తే తల్లి ముందు తల వంచుకోవడం. నేను ఆ వేసవి అంతా లెటీషియా చదివాను. ఆమె కూడా పినతల్లి ముందు నిలబడి, పెట్టె సర్దుకుని, "నేర్చుకోవాల్సింది నేర్చుకుని ఈ గడపలోకే వస్తాను" అంటుంది. ఒకరోజు అదే మాట తెలుగులో బామ్మ మొహం మీద అనేశాను. నాన్న నా పక్షాన ఒక్క మాట మాట్లాడతాడని చూశాను. ప్రూఫుల మీంచి తలెత్తకుండా ఆయన అన్నది ఇదీ: "వాక్యం పూర్తి చెయ్యమ్మా. అందులో ఇంకా ఉంది."

ఇంట్లో నిప్పు అంటుకున్నా నాన్న ముందు కామాలే చూస్తాడని ఆ రోజు అనుకున్నాను. మర్నాడు అటక మీంచి ట్రంకు పెట్టె దించింది ఆయనే, కాదనను. బామ్మ ఆయన్ని ఏమీ అనలేదు, అది ఇప్పటికీ నాకు వింతే. కానీ ఒక్క మాట నా తరఫున అన్నాడా? ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటినా ఆ కోపం నాకు పోలేదు.

తర్వాతి అధ్యాయంలో లెటీషియా మళ్ళీ పినతల్లి ఇంట్లోనే ఉంటుంది, ఎప్పుడు తిరిగొచ్చిందో రచయిత్రి చెప్పదు. ఆ చెప్పకపోవడం ఎంత గొప్ప శిల్పమో వివరిస్తూ ఎం.ఫిల్. రాశాను. డిగ్రీ కూడా ఇచ్చారు. అలాంటి నాకు చెబుతాడా లీడ్స్ ఆయన?

అక్క


నాగపూర్,
4 సెప్టెంబరు 2006.

అక్కా,

కోప్పడకు. ఆయన ఆ అధ్యాయం ఫొటోలు తీసి నాకు పంపించాడు. అందులో కథ నీ దానికంటే కొంచెం వేరుగా ఉంది. ఆ రోజుల్లో ఒకే నవలని రెండు మూడు రకాలుగా అచ్చు వేసేవాళ్ళేమో. నీ పేజీలు జిరాక్స్ తీయించి పంపితే ఆయనకి చూపిస్తాను. తొందరేం లేదు.

నాన్న గురించి అలా రాశావు, ఇంకోటి గుర్తొచ్చింది. నువ్వు వాల్తేరు నుంచి సెలవులకి వచ్చే రోజుల్లో బండి తెల్లవారుజామున దిగేది కదా. ఒకసారి నేను ముందు రోజు రాత్రి వీధి తలుపు గడియ పెట్టేశాను. నాన్న నన్ను లాగి ఒక్కటి కొట్టాడు. జన్మలో ఆయన నన్ను కొట్టింది అదొక్కసారే. ఎందుకు కొట్టాడో చెప్పలేదు, నేను అడగలేదు. నువ్వేమో వచ్చీ రాగానే "తలుపు బార్లా తీసి పడుకున్నారు, దొంగలు పడితే?" అని అందరినీ తిట్టావు. ఇద్దరి మధ్యా నా చెంప వాచింది.

ఫణి


శాలిబండ,
11 సెప్టెంబరు 2006.

ఫణీ,

కొంచెం వేరు అంటే ఏమిటి? నేను నిన్ను ఎత్తుకుని పెంచాను. నువ్వు ఏదైనా దాస్తున్నప్పుడు ముందు "తొందరేం లేదు" అంటావు, తర్వాత పాత కబుర్లు చెబుతావు. వాళ్ళ పుస్తకంలో లెటీషియా ఏం చేస్తుంది? కార్డు చాలు, వెంటనే రాయి.

అక్క


నాగపూర్,
18 సెప్టెంబరు 2006.

అక్కా,

దాచానన్న మాట నిజమే. ఎలా చెప్పాలో తెలియక దాచాను.

వాళ్ళ పుస్తకంలో లెటీషియా వెళ్ళదు. బడి నుంచి వచ్చిన ఉత్తరాన్ని పొయ్యిలో వేసి, పినతల్లి కాళ్ళ దగ్గర కూర్చుని, ఇదే నా బడి అంటుంది. పాదరీ గారు వచ్చి ఆమె త్యాగాన్ని మెచ్చుకుంటాడు. అందుకే తర్వాతి అధ్యాయంలో ఆమె ఇంట్లోనే ఉంది. ఎక్కడికీ వెళ్ళలేదు కాబట్టి తిరిగి రాలేదు.

నువ్వు పంపిన వాక్యాల్లో వేరే అధ్యాయాలవన్నీ వాళ్ళ దాంట్లో ఉన్నాయి, పేజీ నెంబర్లతో సహా. ఇరవై రెండో అధ్యాయం చుట్టూ ఉన్న ఒక్క పదహారు పేజీలే వేరు. వాటికి ముందు సరిపోతుంది, వెనక సరిపోతుంది, మధ్యలోది మాత్రం ఇంకెవరి కథో. ఇది ఎలా సాధ్యమో నాకు అంతు చిక్కడం లేదు. లీడ్స్ ఆయనకి అంతకంటే తెలియడం లేదు. నువ్వు వాక్యం కల్పించావని ఆయన అనలేదు గానీ, అనకుండా ఉండటానికి చాలా మర్యాద ఖర్చు పెడుతున్నాడు.

నీ పేజీల్లో అచ్చు ఏమైనా తేడాగా ఉందా? కాగితం గానీ, అక్షరాలు గానీ?

ఫణి


శాలిబండ,
6 అక్టోబరు 2006.

ఒరేయ్ ఫణీ,

లెటీషియా వెళ్ళలేదా? మరి నేను ఎవరిని చూసి వెళ్ళాను? ఆ ఎం.ఫిల్. పరీక్షకులు 'రచయిత్రి మౌనంపై లోతైన పరిశీలన' అని రాశారు. అంటే వాళ్ళెవరూ నవల చదవలేదన్నమాట. చదివింది నేనొక్కదాన్నే, నేను చదివిందేమో నవల కాదు.

కాగితంలో, అక్షరాల్లో తేడా అడిగావు. కాగితం ఇప్పుడు అంతా ఒకే పసుపు. ఆ పేజీల్లో చిన్న 'జి' అక్షరానికి తోక విరిగి ఉంటుంది. ఆ వేసవిలోనే చూశాను. లండన్ ప్రెస్సులో కూడా విరిగిన అక్షరాలు ఉంటాయా అని నాన్ననడిగితే, "ఎక్కడైనా ఉంటాయమ్మా" అన్నాడు.

సరే, నీకు జిరాక్స్ పంపుదామని నిన్న గుండయ్య ప్రెస్సు దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడది ప్రెస్సు కాదు. గుండయ్య పోయాక, అక్కడ కంపోజిటర్‌గా ఉన్న బాలకిషన్ జిరాక్స్ మిషను పెట్టుకున్నాడు, బయట ఫ్లెక్సీలు వేలాడుతున్నాయి. పుస్తకం విప్పి అద్దం మీద పెట్టబోయి ఆగిపోయాడు. కళ్ళజోడు పైకి తోసుకుని పేజీ ముక్కు దాకా తెచ్చుకున్నాడు.

"అమ్మా, ఇది మాది గద" అన్నాడు.

"ఏది?"

"గీ జీ. తోక ఇరిగింది జూడు. గుండయ్య సేటు కొత్తది కొనలే. పెండ్లి పత్రికలల్ల, ఇస్కూలు కొశ్చిన్ పేపర్లల్ల, అంతట గిదే వచ్చేది. గీ పేజీలు నేనే కూర్చిన."

లండన్ పుస్తకం నువ్వెలా కూర్చావు బాబూ అంటే స్టూలు జరిపి కూర్చోమన్నాడు.

"మీ బాపు ఆఫీసు అయినంక మా దగ్గర ప్రూఫులు చూడ వచ్చెటోడు గద. ఒకపారి ఫుట్‌పాత్ మీద కొన్న పుస్తకం తెచ్చిండు బైండింగుకు. నడిమిట్ల ఒక ఫారం లేదు, పదారు పేజీలు. పేజీలు లేని పుస్తకానికి తెల్ల కాయితాలు పెట్టి కుట్టుడు మా రివాజు, లేకుంటే పుస్తకం ఈపు సక్కగ రాదు. పెడ్తనంటె వద్దన్నడు. నా పొల్ల చదువుతది, నడుమ తెల్ల కాయితం వస్తె ఆడనే ఆగిపోతది అన్నడు. ఇంకో పుస్తకం కోసం ఊరంత తిరిగిండు, దొర్కలే. ఆఖరికి చేతితోని రాసుకొచ్చిండు. నాకు ఇంగ్లీషు రాదు, అక్షరం జూసి అక్షరం పెట్టుడే."

ఎక్కడ చూసి రాశాడు అని అడిగాను.

"నాకేమెర్క? మస్తు దిద్దిండు. ప్రూఫు ఇచ్చుడు, దిద్దుడు, మల్ల ఇచ్చుడు. ఆఖరి పేజీకయితె సతాయించిండు. ఒక్క లైను ఎన్నిపార్లు మార్చిండో. ఒక్క కాపీకి గింత లొల్లి ఏంది సార్ అని సేటు ఒర్లిండు. మీ బాపు నవ్విండు అంతే."

నాన్న నవ్వాడట ఫణీ. బాలకిషన్ చాయ్ తెప్పించాడు, "ఫికర్ జెయ్యకమ్మా, గిప్పుడు ఎవలకు నష్టం?" అన్నాడు. జిరాక్స్ తియ్యలేదు. పుస్తకం కొంగు కింద పెట్టుకుని ఇంటికొచ్చాను. ఇప్పటికీ ఆ పేజీలు విప్పాలంటే భయంగా ఉంది.

అక్క


నాగపూర్,
20 అక్టోబరు 2006.

అక్కా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ చేశాను. ఆ అధ్యాయంలోంచి నువ్వు పంపిన వాక్యాల్లో పాదరీ గారు 'అవుట్ ఆఫ్ స్టేషన్' అని ఒకటుంది. ఆ ఊళ్ళో స్టేషనే లేదు కదా అని లీడ్స్ ఆయన బుర్ర గోక్కున్నాడు. అది నాన్న సెలవు చీటీల భాష కాదూ? విమలాదేవి గారి నోరు మూయించింది కూడా దొరసాని కాదు, మన నాన్న అచ్యుతరామయ్య గారే.

లీడ్స్ ఆయనకి ఉన్నదున్నట్టు రాశాను. ఆయన ఆ పేజీలు తనకీ ఒకసారి చూడాలని ఉందన్నాడు. కానీ రూలు రూలే. నాన్న పేరుతో, శాలిబండ అని, నువ్వు వాల్తేరు వెళ్ళిన ఏడాది 1964 అని పెట్టొచ్చా అని అడిగాను. ప్రపంచంలో ఒకే ఒక్క కాపీ ఉన్నది, ఇంకెవరూ తెరిచి సరిచూసుకోలేనిది, డిక్షనరీకి సాక్ష్యం కాదన్నారు. నిన్న వాక్యం తీసేశాను. తీసేస్తుంటే నాన్న చేతిలోంచి కాగితం లాక్కున్నట్టు అనిపించింది.

ఇంకో మాట కూడా రాసేస్తాను, ఏమనుకోకు. నాకు కుళ్ళుగా ఉంది. నీకు పదహారు పేజీలు రాసిపెట్టాడు. నాకు దక్కింది చెంప దెబ్బ. నా కోసం ఆయన ఎక్కడైనా ఒక్క ముక్క రాశాడేమోనని బీరువాలో నా పాత పుస్తకాలన్నీ విప్పి చూశాను. ఏమీ లేదు.

ఫణి


శాలిబండ,
2 నవంబరు 2006.

నా తండ్రీ ఫణీ,

వాక్యం తీసేసి మంచి పని చేశావు. ఆ దొరసాని పేరు మీద అది ఉండకూడదు. డిక్షనరీ వాళ్ళ రూలు కూడా నాకు నచ్చింది. అది ఇంకెవరో తెరిచి సరిచూసుకోవడానికి రాసింది కాదు.

నిన్న మధ్యాహ్నం ధైర్యం చేసి ఆఖరి పేజీ విప్పాను. ఆ వేసవి నుంచీ చదివిన పేజీయే. ఆ రోజు బామ్మ ముందు నేను సగంలో ఆపేసిన వాక్యం అందులోనే ఉంది. రెండో సగం నాకు తెలియంది కాదు, కానీ ఎన్నడూ పట్టించుకోలేదు. లెటీషియా ఇంట్లో నౌకరు సంగతి కాబోలు అనుకునేదాన్ని. బాలకిషన్ చెప్పిన లైను, గుండయ్య అరిచేదాకా నాన్న మార్చి మార్చి దిద్దిన లైను, అదే. నీకోసం తెలుగులో పూర్తిగా రాస్తున్నాను:

"నేర్చుకోవాల్సింది నేర్చుకుని ఈ గడపలోకే వస్తాను, నేను ఏ వేళప్పుడు వచ్చినా తలుపు గడియ పడకుండా చూసేవారు ఈ ఇంట్లో ఒకరున్నారు, ఆయన ఆ మాట పైకి అనలేకపోయినా సరే."

ప్రూఫులు దిద్దుతున్నాడనుకున్నాను ఫణీ. వాక్యం పూర్తి చెయ్యమ్మా అన్నది నాతో కాదేమో, బామ్మకి వినపడాలనేమో. నేను పూర్తి చేసి ఉంటే ఆయన మాట ఆయన తల్లి చెవిన నా నోటితో పడేది. నేను చెయ్యలేదు. అందుకని తలుపు తీసి ఉంచాడు, ఏటా. నేనేమో దొంగలు పడతారని తిట్టాను.

నీకేమీ రాయలేదని బాధపడకు. ఆ దెబ్బ కూడా ఆ వాక్యంలోదే. నీకు తెలియకుండానే నువ్వు అందులో ఉన్నావు, చెంప మీద.

వచ్చే నెల వస్తానని ఫోన్‌లో అన్నావు. నాగపూర్ బండి దిగి ఆటో పట్టుకుని వచ్చేసరికి ఇంకా తెల్లారదు. తలుపు కొట్టకు, తోసుకుని లోపలికి వచ్చెయ్యి.

అక్క